తిరుపతిలో అమ్మకి పెట్టుకున్న హోమ్ నర్సింగ్ సర్వీస్: ఏజెన్సీకి రెండున్నర, సిస్టర్‌కి ఐదు

ముందే చెప్పేస్తా. ఏజెన్సీకి నేనిచ్చేది ఐదుకి రెండున్నర స్టార్లు. వాళ్ళు రెండోసారి పంపిన సిస్టర్‌కి మాత్రం ఐదుకి ఐదు, అందులో ఒక్కటి కూడా మొహమాటానికి ఇచ్చింది కాదు. ఏజెన్సీ పేరు రాయడం లేదు. బైరాగిపట్టెడలో, కొర్లగుంటలో, ఎయిర్ బైపాస్ రోడ్డులో నేను విచారించిన వాళ్ళందరూ చెప్పేది ఇంచుమించు ఒకటే మాట, రేట్లు కూడా అటూ ఇటుగా అవే. కాబట్టి ఇది ఒక్క ఆఫీసు మీద కోపంతో రాస్తున్నది అనుకోకండి. ఇంట్లో మంచాన పడ్డ మనిషి ఉండి, ఎవర్ని పెట్టుకోవాలి ఎట్లా నమ్మాలి అని రాత్రుళ్ళు నిద్రపట్టని వాళ్ళ కోసం రాస్తా ఉండా. పెద్దదే అవుతుంది, ఓపిగ్గా చదవండి.

అమ్మకి డెబ్బై దాటాయి. మెదడులో ఎడమ పక్క స్ట్రోక్ వచ్చింది, కుడి చెయ్యి కుడి కాలు పడిపోయాయి, మాట పోయింది. ఎడమ పక్క దెబ్బ తింటే కుడి వైపు పడిపోతుంది, చాలామందికి మాట కూడా ఆ ఎడమ పక్కనే ఉంటుంది కాబట్టి రెండూ ఒకేసారి పోతాయి అని డాక్టర్ చెప్పారు. మాట పోయిందంటే తెలివి పోయినట్టు కాదు. ఇది చుట్టాలకి ఎంత చెప్పినా ఎక్కదు, మంచం పక్కనే నిలబడి "ఆమెకేం తెలుస్తాదిలే పాపం" అంటారు, అమ్మ కళ్ళు వాళ్ళ వైపే చూస్తా ఉంటాయి. డిశ్చార్జి అయ్యేటప్పటికి ముక్కులోంచి కడుపులోకి తిండి పోసే రైల్స్ ట్యూబు, యూరిన్ పైపు, చేతిలో మందుల చీటీ. నేను స్కూల్లో టీచర్ని, అన్న బెంగళూరులో ఉద్యోగం, అక్క చిత్తూరులో అత్తామామలతో ఉంటుంది. లీవు ఎన్ని రోజులు పెడతాం చెప్పండి. అట్లా ఏజెన్సీకి ఫోన్ చేశాం.

రేట్లు చెప్తా, అందరూ ముందు అడిగేది అదే కదా. మాకు చెప్పింది పన్నెండు గంటల అటెండర్‌కి రోజుకి 900, ఇంట్లోనే ఉండే ఇరవై నాలుగు గంటల మనిషికి 1,300, ట్రైన్డ్ నర్స్ అయితే 1,700. రిజిస్ట్రేషన్ ఫీజు వేరే, అది వెనక్కి రాదు. మనిషికి తిండి, పడక మనదే. ఫోన్‌లో మాట్లాడిన ఆయన చాలా మర్యాదగా మాట్లాడాడు, "మీ ఇంటి మనిషిలాగా ప్రేమగా చూసుకుంటారు మేడమ్, మా దగ్గర కేరింగే ముఖ్యం" అన్నాడు. వాళ్ళ పాంప్లెట్ మీద కూడా అదే రాసుంటుంది, ఒక ముసలామె చెయ్యి పట్టుకున్న నర్సు బొమ్మ పక్కన. ఈ రివ్యూ మొత్తం ఆ మాట చుట్టూనే తిరుగుతుంది. ప్రేమగా చూసుకోవడం అంటే ఏంది, డబ్బులిచ్చి పెట్టుకున్న మనిషి దగ్గర దాన్ని మనం అడగొచ్చా, అడిగితే ఏం అడగాలి అనేది ఇన్ని నెలలు అమ్మ మంచం పక్కన ఉంటే కానీ నాకు తెలిసిరాలేదు.

మొదట వచ్చింది పీలేరు వైపు అమ్మాయి, ఇరవై ఏళ్ళు కూడా ఉన్నట్టు లేవు. ఆ పిల్ల మంచితనం గురించి ఒక్క చెడ్డ మాట కూడా నా నోట్లోంచి రాదు. వచ్చిన రోజే అమ్మకి తల దువ్వి జడ వేసింది, బొట్టు పెట్టింది, సాయంత్రం అయితే ఫోన్‌లో అన్నమయ్య కీర్తనలు పెట్టేది, "అవ్వా అవ్వా" అని అమ్మ చుట్టే తిరిగేది. అమ్మ ఏడిస్తే తను కూడా ఏడ్చేది, అది నటన కాదు, నేను చూశా కదా. కానీ అమ్మకి గొంతు సరిగ్గా మింగుడుపడటం లేదు అని ట్యూబు పెట్టారనే సంగతి ఆ పిల్లకి ఎవరూ అర్థమయ్యేట్టు చెప్పలేదు. అమ్మ నీళ్ళ చెంబు వైపు చూపించి సైగ చేసిందని, పాపం నోరు ఎండిపోతా ఉందని, స్పూనుతో నీళ్ళు తాగించింది. పడుకున్న మనిషికి. అమ్మకి పొరబోయి దగ్గు ఆగలేదు, ఊపిరి గురగురా అనడం మొదలైంది, రాత్రికి రాత్రి ఆటోలో ఆస్పత్రికి పరిగెత్తాం. న్యుమోనియా కాలేదు, అది మా అదృష్టం. స్ట్రోక్ పేషెంట్లకి నీళ్ళు, అన్నం ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా రావడం చాలా మామూలుగా జరిగేదే, ప్రాణాలు తీసేదే అని డ్యూటీ డాక్టర్ గట్టిగా చెప్పారు. అదే రోజు మడమ మీద ఎర్రగా కమిలిన మచ్చ కూడా కనపడింది. ఎందుకు పక్కకి తిప్పలేదమ్మా అంటే, "అవ్వ నిద్రపోతా ఉంటే లేపబుద్ధి కాలేదక్కా" అంది.

తప్పు ఆ పిల్లది కాదు. పదో తరగతి పాసైన పిల్లకి ఆఫీసులో కొన్నాళ్ళు బీపీ చూడటం, డైపర్ మార్చడం నేర్పించి, నర్సు అని చెప్పి పంపిన వాళ్ళది. బిల్లులో కూడా "నర్సింగ్ కేర్" అనే వేశారు. ఏఎన్ఎం అంటే రెండేళ్ళ నర్సింగ్ కోర్సు, జీఎన్ఎం మూడేళ్ళు, బీఎస్సీ నర్సింగ్ నాలుగేళ్ళు, ఆ తర్వాత స్టేట్ కౌన్సిల్‌లో రిజిస్ట్రేషన్ ఉండాలి, అప్పుడే నర్సు. మిగతా వాళ్ళు అటెండర్లు. వాళ్ళ పని గొప్పదే, నేను తక్కువ చేయడం లేదు, కానీ ట్యూబు ఉన్న పేషెంటుని వాళ్ళ చేతిలో ఒంటరిగా పెట్టడం వాళ్ళకీ అన్యాయమే. పక్కన వేలూరులో సీఎంసీ ఆస్పత్రి పెట్టిన డాక్టర్ ఇడా స్కడర్ 1909లోనే నర్సింగ్ స్కూల్ పెట్టింది, 1946లో అక్కడ నర్సింగ్‌లో డిగ్రీ కూడా మొదలైంది, మన ఉమ్మడి చిత్తూరు జిల్లా వాళ్ళం కాస్త పెద్ద జబ్బు అంటే అక్కడికే పోతాం. అంత దగ్గర్లో వందేళ్ళకి పైగా చదువుగా నేర్పిస్తా ఉంటే కూడా, మనసు మంచిదైతే చాలు ఏ ఆడపిల్లయినా చేసేస్తుంది అనే మాట మన ఇళ్ళల్లో ఇంకా పోలేదు.

ఇక్కడ మా అక్క కూతురు గురించి చెప్పాలి. అది బీఎస్సీ నర్సింగ్ మూడో సంవత్సరం. ఆదివారం అవ్వని చూడటానికి వచ్చినప్పుడు నేను ఏజెన్సీని తిడతా ఉంటే, "పిన్నమ్మా, మాకు ఎథిక్స్‌లో దీని మీద క్లాసు ఉంది" అని మొదలుపెట్టింది. జోన్ ట్రొంటో అనే అమెరికా ప్రొఫెసర్ 1993లో రాసిందంట, ఎవరినైనా చూసుకోవడంలో నాలుగు సంగతులు ఉంటాయి అని. అవతలి మనిషికి ఏం కావాలో గమనించడం ఒకటి, అది నా బాధ్యత అని మీదేసుకోవడం ఒకటి, ఆ పని చేతనై ఉండటం ఒకటి, చేసింది అవతలి మనిషికి నిజంగా అందిందా లేదా అని వాళ్ళ వైపు నుంచి చూసుకోవడం ఇంకొకటి. నాకు అందులో మూడోదే గట్టిగా తగిలింది. పని చేతకావడం కూడా నీతికి సంబంధించిందే అంటా ఉంది ఆమె. మంచి మనసుతో చేశాను కదా అంటే సరిపోదు, చేతకాని పని చేతకాదని చెప్పడం, నేర్చుకుని చేయడం, అవి కూడా ప్రేమలో భాగమే. పీలేరు అమ్మాయికి గమనించడం ఉంది, బాధ్యత అయితే బోలెడంత ఉంది, చేతనవడం లేదు. అది లేనందుకు అమ్మ ప్రాణం మీదికి వచ్చింది.

రెండోసారి గట్టిగా పోట్లాడి, సర్టిఫికెట్ ఫోటో వాట్సాప్‌లో తెప్పించుకుని, జీఎన్ఎం చేసిన సిస్టర్‌ని పెట్టించుకున్నాం. పలమనేరు ఆమె, నలభై ఉంటాయి, ఆస్పత్రుల్లో వార్డుల్లో పనిచేసి వచ్చిన మనిషి. వచ్చీ రాగానే బ్యాగు పక్కన పెట్టి చేతులు కడుక్కుని నేరుగా అమ్మ దగ్గరికి పోయింది, మా ఎవరితోనూ మాట్లాడలేదు. అమ్మ ఎడమ పక్క నిలబడి, కంటికి ఎదురుగా వంగి, "అమ్మా, నేను నర్సుని, ఈ రోజు నుంచి మీ దగ్గర ఉంటా, ఇప్పుడు మీ కాళ్ళు చూస్తా, చూడొచ్చా?" అని అడిగి, ఆగింది. నిజంగా ఆగింది. అమ్మ రెప్ప వేసి తల కొంచెం ఆడించే దాకా దుప్పటి ముట్టుకోలేదు. ఆస్పత్రిలో ఉన్నన్నాళ్ళు ఎంతమంది వచ్చి ఎన్నిసార్లు ఆ దుప్పటి లాగారో, అడిగిన వాళ్ళని నేను చూళ్ళేదు.

తర్వాత మమ్మల్ని కూర్చోబెట్టి ప్రశ్నలు. అమ్మని ఇంట్లో ఏమని పిలుస్తారు, ఏ పక్కకి తిరిగి పడుకునే అలవాటు, పొద్దున ఎన్నింటికి లేస్తారు, కాఫీనా టీనా, పూజ చేసుకుంటారా, మగవాళ్ళు గదిలో ఉంటే సిగ్గుపడతారా, కళ్ళద్దాలు ఉన్నాయా. కళ్ళద్దాలు! ఆస్పత్రికి పోయిన రోజు తీసి బీరువాలో పెట్టినవి అట్లానే ఉన్నాయి. అమ్మ అన్ని రోజులూ మసగ్గా చూస్తా ఉంది, మమ్మల్ని గుర్తుపట్టడం లేదేమో అని మేము భయపడతా ఉన్నాం.

పని ఎట్లా చేస్తుందో కొంచెం వివరంగా రాస్తా, మీ ఇంటికి వచ్చిన మనిషికి పని వచ్చా లేదా మీరే చూసుకోవచ్చు. రెండు గంటలకి ఒకసారి పక్క మార్చడం, గోడ మీద కాగితం అంటించి టైము రాయడం. ఎయిర్ బెడ్ వేశాం కదా అంటే, అది ఉన్నా తిప్పాల్సిందే అంది. తిప్పినప్పుడల్లా నడుము కింద, తుంటి, మడమలు, మోచేతులు, తల వెనక చూస్తుంది, ఎర్రగా ఉంటే వేలితో నొక్కుతుంది, నొక్కితే తెల్లబడి మళ్ళీ ఎర్రబడితే ఫర్వాలేదు, నొక్కినా ఎర్రగానే ఉంటే పుండు మొదలైనట్టే, ఆ పక్క మీద బరువు పడనీకూడదు. మడమలు గాల్లో ఉండేట్టు పిక్కల కింద దిండు. పడిపోయిన చెయ్యి పట్టుకుని లాగి లేపకూడదు, భుజం కీలు జారుతుంది, ఈ విషయం మా అన్నకి రెండుసార్లు చెప్పింది, మూడోసారి అన్న చెయ్యి పక్కకి తీసేసింది. ట్యూబులో పోసే ముందు ముక్కు దగ్గర గుర్తు చూస్తుంది ట్యూబు జరిగిందా అని, తల వైపు బాగా ఎత్తు చేస్తుంది, ముప్పై నలభై డిగ్రీలన్నా ఉండాలంట, రాగి జావ పల్చగా వడగట్టి నిదానంగా పోస్తుంది, అయిపోయాక నీళ్ళతో ట్యూబు కడుగుతుంది, ఆ తర్వాత ఇంకో అరగంట పైనే అట్లా ఎత్తులోనే ఉంచుతుంది. యూరిన్ బ్యాగు ఎప్పుడూ నడుము కంటే కిందే, కానీ నేలకి తగలకుండా. నోటితో ఏం తినకపోయినా రోజూ నోరు, నాలుక తుడవాలి, లేకపోతే ఆ సూక్ష్మక్రిములే లోపలికి పోతాయి అని చెప్పింది. డైపర్ మార్చేటప్పుడు తలుపు మూసి, పైన దుప్పటి కప్పే ఉంచి, అవసరమైనంత మేరే తీస్తుంది. గదిలో ఎవరూ లేకపోయినా అట్లానే చేస్తుంది, ఎవరో చూస్తారని కాదు.

అమ్మ ట్యూబు పీకేసుకునేది. ఎడమ చెయ్యి బాగానే ఉంది కదా. ఒకసారి పీకితే మళ్ళీ వేయించడానికి ఖర్చు, అమ్మకి నొప్పి, అందరికీ ఏడుపు. అన్న "చెయ్యి మంచానికి కట్టేద్దాం, మెత్తటి గుడ్డతోనే కదా" అన్నాడు, ఏజెన్సీ ఆయనకి ఫోన్ చేస్తే "అందరూ అట్లనే చేస్తారు సార్" అన్నాడు. సిస్టర్ ఒప్పుకోలేదు. అరవలేదు, లెక్చర్ ఇవ్వలేదు. "ఆమెకి పనిచేసే చెయ్యి అదొక్కటే సార్, మాట లేదు, ఆ చేత్తోనే ఆమె మాట్లాడేది. అది కట్టేస్తే నోరు మూసినట్టే. ఎప్పుడు పీకుతా ఉందో ముందు చూద్దాం" అంది. చూసింది. పీకేది ఎక్కువగా సాయంత్రం ఫీడింగ్ అయిన తర్వాత, లేదా విరేచనం వచ్చే ముందు. ముక్కు పక్కన ప్లాస్టర్ కింద చర్మం ఒరుసుకుపోయి దురద, రెండోది అమ్మ పిలవడానికి వేరే దారి లేక చేతికి అందింది లాగుతా ఉంది. ప్లాస్టర్ మార్చి వేరే చోట అంటించింది, అమ్మ ఎడమ చేతి కింద చిన్న గంట పెట్టింది, కాణిపాకంలో కొన్న పూజ గంట. పూర్తిగా ఆగిపోయిందని అబద్ధం చెప్పను, తర్వాత కూడా ఒకసారి ట్యూబు ఊడింది. కానీ గంట మోగడం మొదలైంది. ఆస్పత్రిలో ప్రాణం మీదికి వస్తుంది అనుకున్నప్పుడు డాక్టర్ ఆర్డర్ మీద కొద్దిసేపు కట్టాల్సి రావచ్చు, అప్పుడు కూడా పక్కనే ఉండి చూస్తా ఉండాలి, మన నిద్ర కోసం కట్టకూడదు అని ఆమె లెక్క. నేను ఆ లెక్క ఒప్పుకుంటా.

ఇంకో సంగతి రాయాలా వద్దా అని ఆలోచించా, రాస్తా. ఆ నెలల్లోనే మదనపల్లెలో మా చిన్నమ్మ, అంటే అమ్మ చెల్లెలు, పోయింది. అమ్మకి చెప్పకూడదని ఇంట్లో అందరం అనుకున్నాం, తట్టుకోలేదు అని. వచ్చిన చుట్టాలు గుమ్మం దగ్గర నిలబడి గుసగుసలు. అమ్మ రెండు మూడు సార్లు గోడ మీది ఫోటోలో చిన్నమ్మని చూపించి చెయ్యి తిప్పింది, ఏమైంది అన్నట్టు. మేము బాగుంది బాగుంది అని తల ఊపాం. సిస్టర్ నన్ను వంటింట్లోకి పిలిచి, "ఎప్పుడు చెప్పాలి ఎట్లా చెప్పాలి అనేది మీ ఇంటి విషయం, నేను చెప్పను, డాక్టర్ గారితో కూడా ఒకసారి మాట్లాడుకోండి. కానీ ఆమె నన్ను అడిగితే బాగుందని మాత్రం నేను తల ఊపలేను మేడమ్, ఆమె పొద్దున్నుంచీ నన్ను నమ్ముకుని ఉండాది" అంది. నాకు ఆ క్షణంలో కోపం వచ్చింది, మన ఇంటి సంగతి ఈమెకెందుకు అనిపించింది. ఆ రాత్రి అక్క కూతురికి ఫోన్ చేస్తే, ఫ్లోరెన్స్ నైటింగేల్ 1859లో రాసిన పుస్తకంలోనే పేషెంటుకి వినపడీ వినపడకుండా గుసగుసలాడటం క్రూరత్వం అని రాసిందంట, ఉత్తుత్తి ధైర్యాలు చెప్పేవాళ్ళ మీద ఒక చాప్టరే ఉందంట. నూట అరవై ఏళ్ళు దాటాయి, మన ఇళ్ళల్లో ఇంకా అదే జరుగుతా ఉంది. డాక్టర్‌ని అడిగాం, చెప్పండి కానీ మీరు పక్కన ఉండండి అన్నారు. అక్క వచ్చి చెప్పింది. అమ్మ ఏడ్చింది, చాలాసేపు ఏడ్చింది, బీపీ కాస్త పెరిగింది, సిస్టర్ చూస్తానే ఉంది. ఆ తర్వాత ఫోటో వైపు చెయ్యి తిప్పి అడగడం ఆగింది, చిన్నమ్మ దినాల రోజు అగరొత్తి తనే ఎడమ చేత్తో పట్టుకుంది. ఆ ఏడుపు అమ్మది. మేము దాచి పెట్టుకుంటే అది అమ్మకి దక్కేది కాదు.

అందరికీ ఈ సిస్టర్ నచ్చిందా అంటే లేదు. మా పెద్దమ్మ వచ్చి రెండు రోజులు ఉండి "ఆ మొదటి పిల్లే మేలు, ఈమె డ్యూటీ చేస్తా ఉంది అంతే, ప్రేమ లేదు" అని తేల్చేసింది. నిజమే, ఈమె అవ్వా బంగారం అని ముద్దు చేయదు, ఎక్కువ నవ్వదు, టీవీ చూస్తూ కూర్చోదు. పెద్దమ్మ మాట మీద నేను చాలా ఆలోచించా. ఏజెన్సీలో పిల్లలకి ట్రైనింగ్‌లో నేర్పించేది ఏందంటే, పేషెంటుని అమ్మా నాన్నా అని పిలవాలి, నవ్వుతూ ఉండాలి, ఇంటివాళ్ళు చూస్తుండగా చెయ్యి పట్టుకోవాలి. పీలేరు అమ్మాయే చెప్పింది. అక్క కూతురు చదివిన పాఠంలో ఆర్లీ హోక్‌షీల్డ్ అనే అమెరికా సోషియాలజీ ప్రొఫెసర్ ఉంది, 1983లో విమానాల్లో ఎయిర్ హోస్టెస్‌ల మీద రాసింది, జీతం కోసం నవ్వుని, మనసులో భావాన్ని కూడా పనిలాగా తయారు చేసి ఇవ్వాల్సి వస్తే మనిషికి ఏమవుతుంది అని. ఆ నవ్వుకి మనం డబ్బులు ఇస్తున్నామంటే, ఆ నవ్వు ఎవరి కోసం? మంచంలో ఉన్న అమ్మ కోసం కాదు, సోఫాలో కూర్చుని ఫోన్‌లో రేటింగ్ ఇచ్చే నా కోసం.

నేను అనుకునేది ఇది. ఒక నర్సు తన సర్వీసులో ఎన్ని వందల మందిని చూస్తుందో, అందర్నీ కన్నతల్లిలా ప్రేమించమని అడగడం అన్యాయం, అడిగితే నటిస్తారు. అడగాల్సింది వేరే. ఈ మనిషిని ఈ మనిషిగా చూడు, నీకు వచ్చిన పని పూర్తిగా చెయ్యి, ఆమెకి నోరు లేదని ఆమె తరఫున నువ్వే అన్నీ తేల్చెయ్యొద్దు. ఇంత చేస్తే ప్రేమ దానంతట అది వచ్చినా సరే, రాకపోయినా సరే. ఈ సిస్టర్ దగ్గర వచ్చింది అని నేను అనుకుంటా. పొద్దున డికాక్షన్ వాసన వస్తే అమ్మ ముఖం తిప్పుతుంది అని కనిపెట్టి, తాగలేకపోయినా కప్పు తెచ్చి ముక్కు దగ్గర పెట్టేది. ఎవరూ చెప్పలేదు, బిల్లులో లేదు.

అయినా నా అభిప్రాయం, పెద్దమ్మ అభిప్రాయం రెండూ పక్కన పెట్టాలి. నెల్ నాడింగ్స్ అనే ఇంకో అమెరికా ప్రొఫెసర్ 1984లో చెప్పిందంట, చూసుకునే వాళ్ళు ఎంత చేసినా, అందుకునే మనిషి వైపు నుంచి జవాబు వస్తేనే అది పూర్తవుతుంది అని. మొదట్లో ఎవరు దుప్పటి మీద చెయ్యేసినా అమ్మ ఒళ్ళు కర్రలా బిగుసుకుపోయేది, ముఖం గోడ వైపు తిప్పేసేది. ఈ సిస్టర్ వచ్చిన కొన్నాళ్ళకి, పక్క మార్చే టైము అయి ఆమె గదిలోకి అడుగు పెడితే, అడగకముందే అమ్మ ఎడమ చెయ్యి ఎత్తి మంచం కమ్మీ పట్టుకునేది, తిరగడానికి తను కూడా సాయం చేస్తా అన్నట్టు. ఐదు స్టార్లు అమ్మ ఇచ్చినవి.

ఇప్పుడు ఏజెన్సీకి ఎందుకు తగ్గించానో చెప్తా. ఇరవై నాలుగు గంటల డ్యూటీ అంటే వాళ్ళ అర్థంలో మనిషి నిద్రపోకూడదు, వారానికి ఒక రోజు సెలవు లేదు. రెండు గంటలకోసారి పక్క మార్చే మనిషి ఎప్పుడు పడుకోవాలి? మా దగ్గర తీసుకున్న దాంట్లో ఆమె చేతికి అందేది ఎంతో అడిగితే తెలిసింది, దాదాపు సగం ఆఫీసుకే. గంగమ్మ జాతరకి ఆమె ఇంటికి పోవాల్సి వస్తే, బదులు పంపిన అమ్మాయికి అమ్మ గురించి ఒక్క ముక్క చెప్పలేదు, ట్యూబు ఉందని కూడా తెలియకుండా వచ్చింది, చేతిలో టిఫిన్ బాక్సు పట్టుకుని అవ్వకి ఇడ్లీ పెట్టనా అని అడిగింది. నేను ఇంట్లో ఉన్నా కాబట్టి సరిపోయింది. అందుకే సిస్టర్ రాసిన గోడ మీది కాగితం నేను పెద్దది చేయించి అంటించా, నోటితో ఏమీ ఇవ్వకూడదు అనేది అందరికంటే పైన. రోజూ స్కూలు నుంచి వచ్చాక సాయంత్రం నేను కూర్చుని ఆమెని పడుకోమనేదాన్ని, ఆదివారం అక్క నేను కలిసి చూసుకుని ఆమెకి పూర్తిగా సెలవు ఇచ్చాం. ఏజెన్సీ వాళ్ళకి ఇది నచ్చలేదు, అలవాటు చేస్తున్నారు మేడమ్ అన్నారు. నర్సుల అంతర్జాతీయ సంఘం, ఐసీఎన్, నీతి నియమాలు మొదట 1953లో పెట్టుకుంది, 2021లో మళ్ళీ సవరించింది, అందులో నర్సు తన ఆరోగ్యం, తన గౌరవం కాపాడుకోవడం కూడా ఉందని అక్క కూతురు చూపించింది. నిద్ర లేక తూలే చేతిలో మా అమ్మ ట్యూబు ఉంటే ఎవరికి నష్టం? కేరింగ్ అని పాంప్లెట్ మీద వేసుకున్న వాళ్ళు ముందు ఆ పని చేసే మనిషిని చూసుకోవాలి కదా. ఇక్కడే నాకు ఎక్కువ మండింది.

రెండున్నర అయినా ఎందుకిచ్చానంటే, ఫోన్ చేస్తే ఎత్తుతారు, ఆస్పత్రికి పరిగెత్తిన రాత్రి వాళ్ళ మనిషి బండి మీద వచ్చి పక్కన నిలబడ్డాడు, గొడవ చేస్తే సర్టిఫికెట్ ఉన్న మనిషిని పంపారు, డబ్బుల లెక్కలో మోసం లేదు.

మీరు మాట్లాడేటప్పుడు ప్రేమగా చూసుకుంటారా అని అడక్కండి, అందరూ చూసుకుంటాం అనే చెప్తారు. పంపే మనిషి ఏఎన్ఎమ్మా జీఎన్ఎమ్మా అటెండరా, రిజిస్ట్రేషన్ నంబరు ఏంది, ఇంతకుముందు ట్యూబు పేషెంటుని చూసిందా, పుండ్లు పడకుండా ఏం చేస్తుందో తన నోటితో చెప్పించండి. వారానికి ఎన్ని గంటలు సెలవు, బదులు మనిషికి కేసు ఎవరు అప్పగిస్తారు, మనమిచ్చే డబ్బులో ఆమెకి ఎంత ముడుతుంది, ఇవి అడగండి. ఆఖరిది అడిగితే వాళ్ళు ఇబ్బంది పడతారు, పడనీండి. ట్యూబు, పైపు, పుండు ఇవేం లేకుండా తోడు కావాలంటే అటెండర్ చాలు, ఎక్కువ డబ్బు పోసి నర్సుని పెట్టక్కర్లేదు, పీలేరు అమ్మాయి లాంటి పిల్ల దొరికితే వదులుకోవద్దు. ఆ పిల్లని జీఎన్ఎంలో చేరమని అక్క కూతురు ఫోన్‌లో వెంటపడతా ఉంది, ఇంటర్ ప్రైవేటుగా కడతా ఉందంట.

అమ్మకి ఈ మధ్య డాక్టర్ మింగడం పరీక్ష చేసి ట్యూబు తీసేశారు, మెత్తటి సంగటి కొంచెం కొంచెం తింటా ఉంది, కూర్చోబెట్టే పెడుతున్నాం. రాత్రి డ్యూటీ మానిపించి పొద్దున ఎనిమిది నుంచి రాత్రి ఎనిమిది దాకా అదే సిస్టర్‌ని ఉంచుకున్నాం, రేటు కొంచెం తగ్గింది. వారం సెలవు, కేసు అప్పగింత, ఈ రెండూ ఏజెన్సీ వాళ్ళు రాతపూర్వకంగా పెడితే స్టార్లు పెంచుతా, అప్‌డేట్ కూడా పెడతా.